చలి లేని ఊళ్ళో దొరపొయ్యి

నేను ఒక పొయ్యిని. నా మీద ఎవరూ అన్నం వండలేదు, నీళ్ళు కాచలేదు. జనవరిలో కూడా చెమటలు పట్టే కొమరపట్నంలో, సముద్రానికి ఎదురుగా, చలి కాచుకోవడానికని నన్ను కట్టారు. ఈ ఒక్క మాటతో మనుషుల గురించి నేను చెప్పదలచుకున్నదాంట్లో సగం చెప్పినట్టే.

విక్టోరియా రాణి ఏలుబడి చివరి రోజుల్లో ఈ ఊరికి ఓడలు వచ్చేవి. ఓడల వెంట దొరలు వచ్చారు. దొరల వెంట బీచి రోడ్డు మీద ఏడు బంగళాలు లేచాయి. రంగు అద్దాల కిటికీలు, వరండా అంచున లేసులాగా కోసిన చెక్క. మంచు జారిపోవడానికని కప్పుల్ని బాగా ఏటవాలుగా కట్టారు. నూట ముప్ఫై ఏళ్ళుగా వాటి మీంచి జారుతున్నవి కోతులే.

ఏడు ఇళ్ళలోనూ ఏడు దొరపొయ్యిలు. నేనుండేది ఉప్పు శాఖలో పనిచేసే పార్కిన్ దొర ఇంట్లో. ఆయన తన దేశపు పత్రికలోంచి ఒక బొమ్మ చింపి మేస్త్రి తవిటయ్య చేతికిచ్చాడు. తవిటయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి దుబాసీని అడిగాడు.

"హాల్లో పొయ్యేటి బాబూ? దొరసాని గోరు కూకుని వంట సేస్తారా?"

"వంటకి కాదురా. చలికి."

"సలా? ఏ ఊళ్ళోనండీ?"

దుబాసీ బొమ్మ వైపు వేలు చూపించాడు. తవిటయ్య బొమ్మలో ఉన్నట్టే కట్టాడు. కానీ మంచి పనివాడు గనక, పొగగొట్టం నోరు తెరిచి ఉంటే వానకి ఇల్లు తడిసిపోతుందని జాలిపడి, పైన ఒక నాపరాయి పెట్టి సున్నంతో మూసేశాడు. ఆ డిసెంబరులో క్రిస్మస్ విందు మొదలైన పది నిమిషాలకి అతిథులందరూ దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ వరండాలో నిలబడ్డారు. మర్నాడే రాయి తీయించారు.

ఆ తర్వాత పదకొండేళ్ళలో నన్ను నాలుగంటే నాలుగుసార్లు వెలిగించారు. దొర ఉన్ని కోటు తొడుక్కుని నా ముందు కుర్చీ వేసుకునేవాడు. కిటికీలన్నీ తెరిచి ఉండేవి. బయట వరండాలో ఒక మనిషి తాడు పట్టుకుని పంఖా లాగుతూ ఉండేవాడు. మంట వేడికి పంఖా, పంఖా గాలికి కోటు. నేను ఆ ముఖాన్ని దగ్గర్నుంచి చూశాను. ఆయనకి కావలసింది వేడి కాదు, చలి. తను పుట్టిన ఊరి చలి. అది దొరకదు గనక, మందు తాగి జబ్బు ఉందని నమ్మేవాడిలా, మంట వేసుకుని చలి ఉందని తనని తాను నమ్మించుకునేవాడు. మనసు ఇలాంటి పనులు రోజూ చేస్తుంది. అన్నిటికీ ఇటుకలతో కట్టడం కట్టదు గనక బయటికి తెలియదు, అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దొర పడకగదిలో కూర్చునే పలకకి కంత ఉన్న ఒక టేకు కుర్చీ ఉండేది. దాని కింద కుండ. రోజూ తెల్లవారగానే పెరటి తలుపులోంచి ఒక మనిషి వచ్చి ఆ కుండని మోసుకుపోయేవాడు. దొర పేరు గుమ్మం మీద రాతిలో చెక్కి ఉంది. ఆ మనిషి పేరు, ఒకే కప్పు కింద ఉన్న నాకు కూడా తెలియదు.

రేవులో ఇసక మేట వేసింది. ఓడలు మానేశాయి. దొరలు వెళ్ళిపోయారు. ఒక బంగళా తాలూకా కచేరీ అయింది, అక్కడి పొయ్యి చాలా ఏళ్ళు ఫైళ్ళు మింగింది. ఒకదాంట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. రెండింటిని తుపాను పట్టుకుపోయింది. మా ఇంటిని కొన్న ప్లీడరు జోస్యుల కామేశం పంతులు నాలో దేవుళ్ళని పెట్టాడు. గొట్టంలో కాపురమున్న పావురాలు నెల తిరక్కుండా దేవుళ్ళకి చేసిన అభిషేకం చూసి ఆయన భార్య వాళ్ళని వంటింట్లోకి మార్చింది. తర్వాత నాలో లా పుస్తకాలు చేరాయి. చెదలు ఓపిగ్గా చదివాయి.

ఇప్పుడు ఈ ఇల్లు ఆయన మనవరాలు రాజ్యలక్ష్మిది. డెబ్భై నాలుగేళ్ళు, రిటైరైన హెడ్ మిస్ట్రెస్. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళని "మీరెందుకు చేసుకున్నారు?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూసే మనిషి. తోడుగా నలభై ఏళ్ళ నుంచి పైడమ్మ.

చిక్కంతా మోకాళ్ళతో వచ్చింది. మరుగుదొడ్డి పెరటి చివర, నూతికి అవతల ఉంది. నిరుటి వానల్లో రాజ్యలక్ష్మి ఆ దారిలో రెండుసార్లు పడింది. మూడోసారి పడితే మంచం దిగడం ఉండదని డాక్టరు చెప్పాడు. పోనీ గదిలోనే పాత్ర పెడతానంది పైడమ్మ.

"నాది నువ్వు మొయ్యడమేమిటే? నేను బతికుండగా ఆ పని ఈ ఇంట్లో ఎవరూ చెయ్యరు," అంది రాజ్యలక్ష్మి.

ఇంట్లోనే స్నానాలగది కట్టాలి. మురుగు పోయే వీలున్నది నా గోడ దగ్గరే, అంటే నన్ను పగలగొట్టాలి. వానలు ముదరకముందే పని అయిపోవాలని సోమవారానికి మేస్త్రిని పిలిచారు. శనివారం నాడు, ఊళ్ళో మిగిలిన బంగళాల వివరాలు ఫారంలో రాసుకోవడానికి పాత కట్టడాల కమిటీ నుంచి భార్గవ్ వచ్చాడు.

నన్ను చూస్తూనే అతను నేల మీద కూలబడ్డాడు. "మేడమ్! ఈ తీరంలో చెక్కుచెదరకుండా మిగిలిన ఫైర్‌ప్లేస్ ఇదొక్కటే. ఇందులో ఒక్క ఇటుక కూడా కదపకూడదు."

నన్ను ఒక మనిషి ఏ అవసరమూ లేకుండా ప్రేమించడం అదే మొదటిసారి. దాచుకోకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు రాజ్యలక్ష్మి మోకాళ్ళు గుర్తు రాలేదు.

"మరి నా స్నానాలగది?" అందావిడ.

"ఇల్లు దొరల కాలంలో ఎలా ఉందో అలాగే ఉండాలి మేడమ్. రూలు."

పైడమ్మ కొబ్బరిబొండాం కొట్టి అతని చేతిలో పెట్టింది. "అలాగైతే బాబూ, కంత కుర్సీ మా కొట్టుగదిలోనే ఉంది. దులిపి తెస్తాను. మోసే మనిషిని మాత్రం మీ కమిటీవోళ్ళే అంపించండి. నానైతే మొయ్యను."

భార్గవ్ నవ్వబోయి, ఆవిడ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. పైడమ్మ రెండో బొండాం కొట్టింది. "తాగండి బాబూ, ఎండన పడొచ్చారు." ఎండ అప్పటికే పోయింది. కాసేపటికి వాన దంచడం మొదలెట్టింది. ఇంకాసేపటికి భార్గవ్ కుర్చీలో అటూ ఇటూ కదిలి, మొహమాటంగా పెరటి దారి అడిగాడు. పైడమ్మ గొడుగూ, చేతికర్రా ఇచ్చింది.

తిరిగొచ్చేటప్పటికి గొడుగు విరిగింది. మోచెయ్యి చీరుకుపోయింది. పాంటంతా బురద. కుర్చీలో కూర్చుని, తన ఫారం తీసి, "తర్వాతి కాలంలో కట్టింది, విలువ లేదు అని రాసేస్తాను మేడమ్. పగలగొట్టించుకోండి," అన్నాడు.

రాజ్యలక్ష్మి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"అబద్ధం రాయకు నాయనా. అది అసలైనదే, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. అసలైనదని రాయి. ఇంట్లో మనిషి పడకుండా ఉండడానికి దాన్ని తీసెయ్యాల్సి వచ్చిందని కూడా రాయి."

"దానికి ఫారంలో గడి లేదండీ."

"పక్కన ఖాళీ ఉందిగా."

అతను పక్కనే రాశాడు. నన్ను నాలుగు వైపులా కొలిచాడు, ఫొటోలు తీశాడు. వెళ్ళేముందు నా అంచు మీద ఒకసారి చెయ్యి వేశాడు. దానికే పొంగిపోయాను. ఉన్నమాట చెప్పి మరీ నన్ను కొట్టించబోతున్నవాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని ఆ రెండు రోజులూ ప్రయత్నించాను. కుదరలేదు.

సోమవారం సమ్మెట దెబ్బలు పడ్డాయి. పావురాలు ఎగిరి తాలూకా కచేరీ వైపు పోయాయి. నా ఇటుకముక్కల్ని నేల మీద పరిచి, దిమ్మిసతో కొట్టి, పైన సిమెంటు పోసి, జారని పలకలు వేశారు. ఇప్పుడు నేను అక్కడే ఉన్నాను. నీళ్ళు పడినప్పుడు చల్లగా ఉంటుంది.

ఈ ఉదయం బయట వాన. రాజ్యలక్ష్మి గోడ పట్టుకుని ఆరు అడుగులు వేసింది, లోపలికి వచ్చి గడియ వేసుకుంది. అంతలోనే తలుపు మీద చెయ్యి పడింది.

"అమ్మగోరూ, సప్పుడు లేదేటి? పడిపోనారా?"

"పడితే ముందు నీకే చెబుతాను. అవతలికి పో."

"పోను. ఇక్కడే కూకుంటాను."

"కూర్చో అయితే. పాట మాత్రం పాడకు."

పైడమ్మ గొంతు సవరించుకుంది.