ఇంటి నడుమ వంటిల్లు

ఫిబ్రవరి చలిలో, గరాజ్‌లో, దళసరి కోటు మీద ఆప్రాన్ కట్టుకుని చేపముక్కలు వేయిస్తోంది ధరణి. షట్టర్ మోకాలెత్తున తెరిచి ఉంది, పొగ పోవాలిగా మరి! మొహానికి నూనె సెగ, కాళ్ళకి మంచుగాలి. ఇంట్లోకి వెళ్ళే తలుపు సందులోంచి భర్త తారక్ తల ఒక్కటే కనిపించింది.

"ఈ తలుపు గట్టిగా వేసుకో ధరణీ. సోఫాలకి వాసన పట్టేస్తుంది."

తల మాయమైంది. పోనీ పోతూ పోతూ తనే వేసుకోవచ్చు కదా? అబ్బే, చేయి నొప్పెట్టదూ!

కెనడాలోని ఈ కేంబ్రిడ్జ్‌లో మనవాళ్ళ ఇళ్ళు చాలావరకు ఇంతే. వేపుళ్ళూ పులుసులూ గరాజ్‌లో, తినడం మాత్రం లోపల వెచ్చగా. ఆఫీసులో ఎవరో తన కోటు దగ్గర ముక్కు ఎగబీల్చారని తారక్‌కి ఒక అనుమానం. ఆ అనుమానం అతనిది, చలి ఈమెది. "మేం కట్టెపొయ్యి పొగలో కళ్ళు పోగొట్టుకున్నాం. నీకు గ్యాసూ ఇచ్చాడు, గరాజూ ఇచ్చాడు, ఇంకేం కావాలే?" అంటుంది అత్తగారు శకుంతల. గరాజ్ కూడా కోడలికి పెట్టిన నగేనన్నమాట.

ఇప్పుడు తారక్‌కి ఇంకో ఆలోచన పుట్టింది. ఇంటి నడిమధ్య, నదివైపు పెద్ద కిటికీతో ఉన్న వంటింటిని పడగొట్టి వచ్చేపోయేవాళ్ళ కోసం బార్ కౌంటర్ కట్టించాలట. ధరణికి బేస్‌మెంట్‌లో, కిటికీ లేని మూల, వేరే వంటిల్లు. "ప్లాన్ నువ్వే గీసెయ్. ఇంట్లో ఆర్కిటెక్ట్ ఉండగా బయటివాళ్ళెందుకు?" అన్నాడు. హైదరాబాద్‌లో ఆమె చదివిన చదువు ఇక్కడ సరిపోదంటే, ఒక చిన్న ఆఫీసులో ఎవరెవరి డిజైన్లకో గీతలు గీస్తోంది. లైసెన్స్ పరీక్ష రాస్తానన్నప్పుడల్లా "ఇప్పుడెందుకులే" అన్న మనిషికి ఇవాళ ఆమె ఆర్కిటెక్ట్‌లా కనిపించింది. ఒళ్ళు మండిపోయింది ధరణికి. అయినా సరేనంది.

కాలేజీలో ఒక మర్యాద నేర్పారు. ఇంకొక ఆర్కిటెక్ట్ కట్టినదాని మీద చెయ్యి వేసేముందు, ఆ మనిషి బతికి ఉంటే, వెళ్ళి చెప్పాలి. ఈ ఇల్లు కట్టినావిడ చెక్ దేశస్థురాలు, పేరు లిబుషె కొటలోవా. ఊళ్ళోనే వృద్ధుల అపార్ట్‌మెంట్‌లో ఉందని తెలిసి శనివారం పొద్దున వెళ్ళింది ధరణి.

తెల్లటి పొట్టి జుట్టు, వంకర్లు తిరిగిన వేళ్ళు, చురుక్కుమనే చూపు. గసగసాలు పెట్టిన బన్ను ధరణి ముందుకు జరిపి, అడక్కుండానే కథ మొదలుపెట్టింది లిబుషె.

"అరవై ఎనిమిదిలో, మా ఊరు బ్రనోకి రష్యా ట్యాంకులొచ్చిన ఏడు, ఒక సంచీతో వచ్చేశాం నేనూ మా ఆయనా. టొరంటోలో ఇద్దరికీ ఒకే ఆఫీసు. ఆయనకి బ్యాంకులూ లైబ్రరీలూ ఇచ్చారు. నాకు వంటిళ్ళూ మరుగుదొడ్లూ. ఆడదానివి, నీకే బాగా తెలుస్తుందన్నారు. సాయంత్రం ఇంటికొచ్చాక వంట కూడా నాకే బాగా తెలుసు మరి!" పకపకా నవ్వింది. "గోడకి మొహం పెట్టి వండేదాన్ని. నా వెనక మా ఆయనా, ఇంటికొచ్చిన ఆఫీసువాళ్ళూ గొప్ప గొప్ప భవనాల గురించి వాదించుకునేవాళ్ళు. నేనొక మాట అనబోతే, కూర మాడుతోంది చూడు అనేవారు."

"తర్వాత?"

"సొంతంగా పని మొదలుపెట్టాను. మొదటిది మీ ఇల్లే. వంటిల్లు నడుమ పెట్టి, ఉన్నవాటిలో మంచి కిటికీ దానికిచ్చి, మిగతా గదులన్నీ దాని చుట్టూ కట్టాను. నాకు పిచ్చన్నారు. ఆ పిచ్చితోనే తర్వాత బడులు కట్టాను, ఇక్కడి లండన్‌లో, ఇంగ్లండుది కాదులే, కాన్పుల వార్డు కట్టాను."

ధరణి తల వంచుకుని వచ్చిన పని చెప్పింది. ముసలావిడ మండిపడుతుందనుకుంది. పడలేదు.

"గోడలదేముంది, నావి చాలానే కూల్చారు. ఏడ్చి ఊరుకున్నాను. కానీ నిన్ను కిందికి తోసే గీత నీ చేత్తోనే గీస్తావా?"

ధరణి బన్ను అంచు గిల్లుతూ అంది, "ఇంట్లో గొడవెందుకని..."

"నేనూ అలాగే అనుకుని చాలా ఏళ్ళు వాళ్ళు చెప్పిందల్లా గీశాను. గొడవా లేదు, నేనూ లేను."

కారెక్కాక కాసేపు భోరున ఏడ్చింది ధరణి. సిగ్గు, ఇన్నాళ్ళూ సరే సరే అన్నందుకు. దారిలో ఏడుపు కోపమైంది. ఇల్లు చేరేసరికి కోపం ఒక్కటే మిగిలింది, అది ఆమెకి ఎంతో హాయిగా ఉంది.

"ప్లాన్ ఎంతవరకొచ్చింది? సోమవారం కాంట్రాక్టర్ వస్తానన్నాడు," అన్నాడు తారక్.

"గీయను. ఇందాక కారు దిగేముందే లైసెన్స్ పరీక్షకి అప్లై చేశా. ఇక నా గీతలు దానికే."

అతను నోరు తెరిచేలోగా ఆమె ఇంటి నడుమ వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది. నూనె కాగింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి, అంతా కలిసి ఘుమాయించుకుంటూ హాల్లోకి వెళ్ళింది. తారక్ తుమ్మాడు. అత్తగారు సోఫాలోంచి దిగ్గున లేచింది.

"ఏమిటే ఈ ఘోరం? సాయంత్రం వాడి మేనేజర్ భోజనానికొస్తున్నాడే!"

"రానివ్వండత్తయ్యా. ఇక్కడే ఎదురుగా కూర్చోమందాం. మాట్లాడుతూ వండుతాను."

"పరువు తీస్తున్నావు ధరణీ. ఆపు. పోనీ ఈ ఒక్కరోజూ గరాజ్‌లో కానిచ్చెయ్, ప్లీజ్," అన్నాడు తారక్, గొంతు తగ్గించి.

ఆ వంటింట్లో నిలబడి వండుతుంటే, మనిషితో మాట్లాడడానికి వెనక్కి తిరగక్కర్లేదు. అతను ఎదురుగానే ఉన్నాడు. ధరణి గరిటె ఆపలేదు, గొంతు పెంచలేదు.

"వండడమైనా మానేస్తాను గానీ, దాక్కుని మాత్రం వండను."