పొగకు పందిరి

తెల్లవారగానే గోవిందమ్మ దొడ్డి తడిక తీసి గొర్రెల్ని బయటికి తోలేది. పెంటికలు ఊడ్చి గంపకెత్తి దిబ్బలో పోసి వచ్చేది. అప్పటికి ఎండ ఎక్కి, గొర్రెపిల్లలన్నీ దొడ్డి మూలలో పొగ నీడన చేరి ఉండేవి. అది ఆమె మొగుడు చెంచయ్య తుపాకి పొగ. పోయిన అమావాస్యకి తోడేలు వచ్చినప్పుడు కాల్చింది.

ఆ ఊళ్ళో తుపాకి పొగ చెదరదు. నీళ్ళు తగిలితేనే పోతది. లేదంటే ఎక్కడ కాల్చితే అక్కడ, విచ్చిన పత్తికాయ మాదిరి గాలిలో నిలబడి ఉంటది. ఎండాకాలం అయ్యేసరికి బీడు పొడుగునా అట్లాంటివి కనపడేవి. మందు వాసన పడతదని ఆడోళ్ళు వాటి పక్కన బట్టలు మాత్రం ఆరేసేవాళ్ళు కాదు.

తుపాకి చెంచయ్య నాయన నాటిది. గొట్టంలో మందు పోసి, పీలికలు దట్టించి, రవ్వలు వేసి కూరాల. మంద మీదికి తోడేళ్ళు వస్తన్నాయని దొరల సర్కారు దానికి లైసెన్సు ఇచ్చింది. ఏడాదికోసారి చెంచయ్య తుపాకి తీసుకోని మార్కాపురం పోయి, తాలూకా కచేరిలో చూపించి, లైసెన్సు మీద ముద్ర వేయించుకోని వచ్చేవాడు.

ఆ పొద్దు కూడా అందుకే బయలుదేరినాడు. కొనకనమిట్ల దాటేదాకా అడివి దోవే కాబట్టి తుపాకి కూరుకోనే పోతన్నాడు. ఇంటి ముందర సందు దాటకముందే ఎదురుగా హెడ్డు కానిస్టేబులు వచ్చినాడు. ఠాణాకి కొత్తగా వచ్చిన మనిషి. వెనకాల కానిస్టేబులు పిచ్చయ్య. కనిగిరి దోవలో ఎక్కడో దొంగలు బండ్లు కొట్టినారంట, తుపాకులున్నోళ్ళని వెతుక్కుంటా వచ్చినారు.

"ఏందిరా అది?" అన్నాడు హెడ్డు.

"తుపాకి సామీ. లైసెన్సుంది."

"గొర్రెలు కాసేవోడికి లైసెన్సేందిరా? ఎవరింట్లో ఎత్తుకొచ్చినావు?"

చెంచయ్య తలపాగలోంచి కాగితం తీసి ఇచ్చినాడు. హెడ్డు దాన్ని చూడకుండానే వెనక్కిచ్చినాడు. పిచ్చయ్య అందుకోని విప్పి చదివి, "ఉందండీ. సర్కారు ముద్రే" అన్నాడు.

"నిన్నడిగినానా?" అని హెడ్డు కసిరినాడు. చెంచయ్య వైపు తిరిగి, "తుపాకి ఖాళీ చేసి నా చేతికియ్యి" అన్నాడు.

హెడ్డు ఎరిగిన తుపాకులు నడుం విరిచి తూటా బయటికి తీసేవి. చెంచయ్య తుపాకికి నడుం లేదు. దాంట్లో కూరింది కాల్చితే పోవాల్సిందే, వెనక్కి రాదు. ఆ ఊళ్ళో తుపాకి ఖాళీ చెయ్యడం అంటే కాల్చడమే, ఇంకో అర్థం లేదు. కూరిన తుపాకి ఇంకొకరి చేతిలో పెట్టడం మహా తప్పు. అందుకని చెంచయ్య, "అట్లనే సామీ" అని, మర్యాదగా వెనక్కి జరిగి, గొట్టం నిలువునా ఆకాశానికి ఎత్తి కాల్చినాడు.

ఆ మోతకి హెడ్డు గోడకి కరుచుకోని పోయినాడు. మరుక్షణం పిచ్చయ్య చేతిలోని తుపాకి గుంజుకోని చెంచయ్య మీద కాల్చినాడు.

తొడలో దిగింది. చెంచయ్య కూలబడి, "ఖాళీ చేసినా గదా సామీ, ఖాళీ చేసినా గదా" అంటా ఉన్నాడు. అతన్ని పక్కింటి సుబ్బయ్య బండిలో వేయించుకోని ఠాణాకి తోలుకపోయినారు. పోలీసుల్ని చంపబోయినాడని కేసు. రుజువైతే అండమాను పంపిస్తారని ఊరంతా అనుకున్నారు.

గోవిందమ్మ గడపలో నిలబడి మొత్తం చూసింది. మగోళ్ళ ముందర నోరెత్తే మనిషి కాదామె. సంతలో గొర్రె బేరం కూడా మొగుడి చెవిలో చెప్పేది. ఆ పొద్దు ఆమెకి ఏడుపు రాలేదు. రాగి సంకటి గెలికే కట్టె తీసుకోని సందులోకి వచ్చి, ఎవర్ని కొట్టాలో తెలీక, నెత్తుటి మీద మట్టి లాగి కప్పింది.

తల ఎత్తితే రెండు పొగలు కనపడినాయి. మొగుడిది ఇంటి కప్పుకి పైన, నిలువుగా. హెడ్డుది సందు నడిమధ్యలో, మనిషి రొమ్మెత్తున, ఆమె గడప వైపు సాగి.

తుపాకి కేసంటే ఆ తాలూకాలో పొగ చూడకుండా తీర్పు చెప్పరు. సంత దాటినాక మేజిస్ట్రేటు వచ్చి చూస్తాడని కబురొచ్చింది. ఆ కబురు హెడ్డుకి కూడా పోయింది. మర్నాడు పొద్దున్నే పిచ్చయ్యని ఎంటబెట్టుకోని దిగినాడు.

"ఎవరమ్మా అక్కడ, రెండు బిందెల నీళ్ళు చేదండి" అన్నాడు బావి కాడికి వచ్చి.

చెంచయ్య తల్లి మాలకొండమ్మ బావి గట్టు మీద కాళ్ళు లోపలికి వేలాడేసి కూచోనుంది. ఊళ్ళో ఆడోళ్ళు మిగతా గట్టంతా నిండినారు.

"బావి ఎండిపోయింది నాయనా" అంది ముసిలామె.

"కనపడతన్నాయి గదా నీళ్ళు!"

"అవి నీళ్ళా? బురద. నీ పొగకి పూసినావంటే ఇంకా నల్లగా, బాగా కనపడతది."

ఆడోళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిచ్చయ్య అటు తిరిగి దగ్గినాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"నీ కొడుకు ఉరెక్కుతాడే ముసిల్దానా!"

"ఎక్కించు నాయనా. తాడు మాత్రం మా బావిది అడగబాక."

హెడ్డు మొహం కందిపోయింది. ఏం చేస్తాడు, అంతమంది ఆడోళ్ళని ఈడ్చేదానికి ఇద్దరే ఉన్నారు. నల్లమల వైపు చూసినాడు. కొండ మీద మబ్బు కూడుకుంటా ఉంది. "మీరియ్యకపోతే ఆ పైవాడిస్తాడులే" అని నవ్వి పోయినాడు.

ఆ నవ్వు గోవిందమ్మకి అన్నం సయించనీలేదు. మబ్బు సంత నాటికి కొండ దిగింది. చల్లగాలి తోలబట్టింది. ఆమె బయట నిలబడి మబ్బుని తిట్టడం మొదలుపెట్టింది. ఏండ్ల తరబడి మింగిన మాటలన్నీ బయటికొచ్చినాయి. "నీకు కండ్లు లేవా? మేము నోళ్ళు తెరుచుకోని అడిగినప్పుడు యాడ చచ్చినావు? వాడు పిలిస్తే వస్తావా? నువ్వు గూడా ఆ ఠాణాలో జీతం తింటన్నావా?"

సుబ్బయ్య చేనికాడ నుంచి పరిగెత్తుకోని వచ్చినాడు. "వానని తిట్టబాక గోవిందమ్మా! నా విత్తనం నేలలో ఉంది. ఇప్పుడు పడకపోతే మా ఇంట్లో గంజి లేదు."

"నా మొగుడు లాకప్పులో ఉన్నాడు సుబ్బన్నా!"

"ఉన్నాడమ్మా. నా బండిలోనే గదా తీసకపోయింది. ఎంత కడిగినా ఇంకా నెత్తురు పోలా." సుబ్బయ్య తలగుడ్డ తీసి నలిపినాడు. "అయినా నేను వాన వద్దని ఎట్ల అనేది?"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు కోపంగా నిలబడినారు. గాలికి గోవిందమ్మ భుజాన గొంగడి ఎగిరి సుబ్బయ్య మొహానికి కొట్టింది. అతను దాన్ని పట్టుకోని, వేళ్ళతో నలిపి చూసినాడు.

"దీంట్లోంచి నీళ్ళు దిగవు గదమ్మా?"

"పొద్దంతా వానలో నిలబడినా దిగవు."

"మరి నన్నెందుకు తిడతన్నావు? పో, మీ వాళ్ళ గొంగళ్ళన్నీ పట్టకరా. నేను వాసాలు తెస్తా."

సుబ్బయ్య తన గొడ్ల చావిడి విప్పి వాసాలు మోసుకొచ్చినాడు. గొల్లోళ్ళ ఇండ్లలో గొంగళ్ళన్నీ సందులోకి వచ్చినాయి. ఆడోళ్ళు మేకబొచ్చు దారంతో అంచుకి అంచు కలిపి కుట్టినారు. పెండ్లికి వేసినట్టే పందిరి వేసినారు, కాకపోతే ఇంటి కప్పుకంటే ఎత్తుగా. ఆఖరు ముడి బిగిసే లోపలే వాన దబదబా దిగింది. గాలికి గుంజలు ఊగుతా ఉంటే ఊరంతా ఒక్కో గుంజకి ఇద్దరు ముగ్గురు కరుచుకోని నిలబడినారు. సుబ్బయ్య గుంజ పట్టుకోనే, తన చేను వైపు చూసి నవ్వుతా, మళ్ళా గోవిందమ్మని చూసి నవ్వు ఆపుకుంటా ఉన్నాడు.

"నవ్వు సుబ్బన్నా, నవ్వు. ఇప్పుడు నేనేమీ అన్ను" అంది గోవిందమ్మ పండ్లు బిగించి గుంజని పట్టుకోని.

బీడులో పొగలన్నీ కరిగిపోయినాయి. పందిరి కింద రెండూ ఉన్నాయి.

మేజిస్ట్రేటు బురదలో బండి దిగి వచ్చినాడు. హెడ్డు ముందర నడుస్తా, "నా గుండెకి గురిపెట్టి కాల్చినాడండీ. దేవుడు కాపాడినాడు" అని చెప్తన్నాడు. మేజిస్ట్రేటు తల ఎత్తి పై పొగని చూసినాడు. చూస్తానే ముందుకి నడిచి, రెండో పొగలో మొహం పెట్టి ఉక్కిరిబిక్కిరై దగ్గినాడు.

"ఇదెవరిది?" అన్నాడు కండ్లు తుడుచుకుంటా.

పిచ్చయ్య బూట్లు చూసుకుంటన్నాడు.

"వాడిది" అంది గోవిందమ్మ. మగోళ్ళందరి ముందర, గట్టిగా. "ఖాళీ చెయ్యమన్నాడు. నా మొగుడు ఆకాశంలోకి ఖాళీ చేసినాడు. వీడు నా మొగుడి కాల్లోకి చేసినాడు. కాగితం ఉందన్నాక గూడా చేసినాడు."

మేజిస్ట్రేటు పై పొగనీ కింది పొగనీ ఇంకోసారి చూసినాడు. "బండి కట్టండి" అన్నాడు.

చెంచయ్య ఇంటికొచ్చినాడు. కేసు కొట్టేసినారు. కాలు మాత్రం వంగదు. తుపాకి ఠాణాలోనే ఉండిపోయింది, ఎప్పుడడిగినా రేపు రమ్మంటారు. హెడ్డుని వేరే ఊరికి మార్చినారు, అంతే. తోడేళ్ళు వచ్చి చూలు గొర్రెని ఈడ్చుకపోయినాయి. చెంచయ్య కట్టె పట్టుకోని కుంటుకుంటా అదిలించబోయి పడినాడు.

"మనిషి దక్కినాడు గదమ్మా, ఇంకేం కావాల?" అన్నారు అందరూ.

గోవిందమ్మ పందిరి విప్పి ఎవరి గొంగళ్ళు వాళ్ళకిచ్చేసింది. తర్వాతి వానకి మొగుడి పొగ కరిగి కప్పు మీద నుంచి జారిపోయింది. హెడ్డు పొగ మీద మాత్రం నాలుగు పొట్టి గుంజలు పాతి, తన గొంగడి కప్పింది. చిరిగితే ఇంకోటి నేసి కప్పేది.

ఆ సందు ఇరుకు. తప్పుకోని పోయేదానికి చోటు లేదు. ఒకసారి ఇంకో కొత్త హెడ్డు ఎర్ర తలపాగ పెట్టుకోని ఆ దోవన వచ్చి, గొంగడి ముందర ఆగిపోయినాడు.

"ఎవరిదమ్మా ఈ పొగ?"

గోవిందమ్మ గడపలో కూచోని గొర్రెబొచ్చు ఏకుతా ఉంది. తల ఎత్తలేదు.

"మీదే సామీ" అంది. "వంగండి."