వెనక పెట్టిన గుడ్లు

తమ్ముడు సూట్‌కేసుతో గుమ్మంలోకి వచ్చేసరికి అక్క పెరట్లో కోళ్లకు గింజలు చల్లుతోంది. సూట్‌కేసుకు ఒక చక్రం ఊడిపోయి ఉంది. బాగు చేయించి ఉండడు. కొంతదూరం లాగి, కొంతదూరం మోసి తెచ్చుకుని ఉంటాడు. ఏ పనైనా సగానికి వచ్చేసరికి వాడికి దాని మీద మోజు తీరిపోతుంది.

"ఉండిపోవడానికా, చూసిపోవడానికా?" అంది.

"మనసుకి కాస్త విరామం కావాలక్కా."

అంటే పెళ్లాం బయటికి పంపింది. ముప్పయ్యేళ్లు కోర్టులో స్టెనోగా కూర్చుని, జనం చెప్పింది చెప్పినట్టు రాసిన మనిషికి ఆమాత్రం అర్థం చేసుకోవడం కష్టం కాదు. మనిషి నోరు తెరిచేది విషయం చెప్పడానికి కాదు, దాని మీద దుప్పటి కప్పడానికి అన్న నమ్మకంతో ఆమె రిటైరైంది. కోళ్లను పెంచుకున్నది అందుకే. కోడి తను చేసినదానికి కారణాలు చెప్పదు.

తమ్ముడు కారణాలు అమ్ముకుని బతుకుతాడు. ఆఫీసుల్లో ఉద్యోగులను కూర్చోబెట్టి మనసు గురించి క్లాసులు చెబుతాడు. బోర్డు మీద గుండ్రం గీసి, అందులో 'నేను' అని రాసి, చుట్టూ బాణాలు వేస్తాడు. ఒకసారి ఆమె వెళ్లి చివరి వరుసలో కూర్చుంది. అందరూ తలలూపుతున్నారు. వాళ్లను చూస్తే ఆమెకు జాలి కూడా కలగలేదు. జాలి పడాలంటే అవతలివాడు మనకు అందేంత దూరంలో ఉండాలి.

ఆ సాయంత్రం మరదలు ఫోన్ చేసింది.

"వదినా, నేను వెళ్లగొట్టానని మీ తమ్ముడు చెప్పాడా?"

"విరామం అన్నాడు."

"విరామమా! మూడు గోడలకి రంగేసి నాలుగోది వదిలేసి ఏడాదైంది. అడిగితే, ఆ గోడ తన అసంపూర్ణతకి అద్దం అంటాడు. అద్దమట! నాకు గోడ కావాలి వదినా."

"నన్నేం చెయ్యమంటావ్?"

"ఏదో ఒక్క పని, గోరంతదైనా సరే, మొదటి నుంచి చివరిదాకా చేశాడని మీ నోటితో చెప్పండి. వచ్చి తీసుకెళ్తాను. వేరేవాళ్లు చెబితే నమ్మను. మీరు ఎవరి గురించీ మంచి చెప్పరు కాబట్టి మిమ్మల్ని నమ్ముతాను."

అది పొగడ్తో తిట్టో తేల్చుకోవాలని అక్కకు అనిపించలేదు. తమ్ముణ్ని పిలిచి, విన్నది విన్నట్టు చెప్పింది. వాడి ముఖం చిన్నబోయింది. ఇంటికి పోవాలని వాడికి నిజంగానే ఉంది. ఆ ఒక్క విషయంలో వాడు దుప్పటి కప్పలేకపోయాడు.

"ఏ పని చెయ్యను?" అన్నాడు.

ఆ వారంలోనే బూడిదరంగు పెట్ట పొదుగుకు కూర్చుంది. షెడ్డులో పాత పండ్ల పెట్టె ఉంది. అందులో గడ్డి తప్ప ఏమీ లేదు. అయినా పెట్ట దాని మీద ఈకలు ఉబ్బించి, కళ్లు సగం మూసి, లోకమంతా తన కిందే ఉన్నట్టు కూర్చుంది. చెయ్యి పెడితే పొడుస్తుంది. దించితే మళ్లీ ఎక్కుతుంది. అక్కకు కోళ్లలో నచ్చనిది ఈ ఒక్కటే. మామూలప్పుడు బుద్ధిగా ఉండే పక్షి, ఒళ్లు వేడెక్కగానే ఉత్త గడ్డికి తల్లైపోతుంది. ఇలాంటప్పుడు ఆమె కోడిని చన్నీళ్లలో ముంచి ఆ పిచ్చి వదిలిస్తుంది.

"ముంచకక్కా. గుడ్లు పెడదాం. నేను చూసుకుంటా" అన్నాడు తమ్ముడు.

"ఏం చూసుకుంటావ్? పొదిగేది అది."

"మేత పెడతా, నీళ్లు పెడతా, పిల్లులు రాకుండా చూస్తా. పిల్లలు బయటికొచ్చేదాకా పని నాది."

"నీదేనా?"

"నాదే."

ఆమె ఏడు గుడ్లు తెచ్చి వాడి చేతుల్లో పెట్టింది. మామూలుగా అయితే, తర్వాత పెట్టినవాటితో కలిసిపోకుండా పొదిగించే గుడ్ల మీద బొగ్గుతో గీత గీస్తుంది. ఈసారి గియ్యలేదు. పని నాది అన్నాడు కదా.

మొదటి రోజుల్లో వాడి ఉత్సాహం చూడాలి! తెల్లారకముందే షెడ్డు ముందు బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు. వాడి ఆరంభశూరత్వం ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు. వేణువు, సైకిలు, పరాయి భాష, రోజూ నడక, అన్నిటికీ ఇదే కళ ముఖంలో ఉండేది. వారం తిరిగేసరికి కళ పోయి కారణం వస్తుంది. ఆ కారణం ఎలా ఉండబోతుందో ఊహించుకుంటూ ఆమె ప్రశాంతంగా టీ తాగేది.

"దీని ఓపిక చూడక్కా. రోజుకి ఒక్కసారే దిగుతుంది. మేత తిని, మట్టిలో పొర్లి, పరుగున వచ్చి ఎక్కేస్తుంది. దీని మీద ఒక క్లాసు చెప్పొచ్చు."

"చెప్పు. ఉద్యోగులు కూడా రోజుకి ఒక్కసారే కుర్చీ దిగుతారు."

"నీకన్నీ వెటకారమే."

"నువ్వు ముడిసరుకు ఇస్తావు, నేను వాడుకుంటాను."

రెండో రోజో మూడో రోజో, ఎర్ర పెట్ట షెడ్డులోకి వెళ్లింది. బూడిద పెట్టను పక్కకు తోసి, అదే పెట్టెలో ఇరుక్కుని కాసేపు కూర్చుని, అరుచుకుంటూ బయటికొచ్చింది. అక్క వంటింటి కిటికీలోంచి చూసింది. గుడ్డు పెట్టిందన్నమాట. మర్నాడూ అంతే. ఆ తర్వాత తెల్ల పెట్ట కూడా.

తమ్ముడు మురిసిపోతూ వంటింట్లోకి వచ్చాడు.

"చూశావా? మిగతావి కూడా దీనికి గుడ్లు ఇస్తున్నాయి! సమష్టి మాతృత్వం!"

"అవునా" అంది ఆమె.

ఒక్క మాట చాలు. కొత్త గుడ్లు ఏరోజుకారోజు తీసెయ్యరా, లేకపోతే అవి వెనకబడతాయి, ముందువి పగలగానే కోడి దిగిపోతుంది అని చెబితే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసి వంకాయలు కోసుకోవడంలో పడింది.

తను ఎందుకు మింగిందో ఆమెకు బాగా తెలుసు. కోపమైతే అరిచి ఉండేది. కోపం అవతలివాణ్ని మార్చాలనుకుంటుంది. ఆమెకు వాడి మీద ఉన్నది కోపం కాదు, ఈసడింపు. ఈసడింపుకు అవతలివాడు మారడం గిట్టదు. వాడు ఎలా ఉన్నాడో అలాగే ఉండాలి, రేపు కూడా, ఎల్లుండి కూడా. లేకపోతే అది ఏం తిని బతుకుతుంది? తమ్ముడు ఈ పనిని తనంతట తానే వదిలేస్తాడని చూసింది. రెండో వారానికి మిగతా పెట్టలు వేరే చోట గుడ్లు పెట్టుకోవడం మొదలుపెట్టాయి, వాడు మాత్రం వదల్లేదు. బకెట్ మీద కూర్చోవడం మానలేదు. క్లాసుల మాట కూడా ఎత్తడం తగ్గించాడు. పొద్దున కోడి దిగినప్పుడు గడ్డిలోకి చెయ్యి పెట్టి గుడ్లను మెల్లగా తాకి చూసేవాడు. ఇది ఆమెకు నచ్చలేదు. వాడు ఓడిపోవాలంటే ఇప్పుడిక ఆ వెనక పెట్టిన గుడ్ల మీదే ఆశ పెట్టుకోవాల్సి వచ్చింది.

మూడు వారాలు నిండిన రోజు పొద్దున్నే షెడ్డులోంచి కేక.

"అక్కా! కిచకిచమంటున్నాయి!"

కోడి రెక్క కింద నుంచి తడి ఆరని ముఖం ఒకటి బయటికి చూసి మళ్లీ లోపలికి పోయింది. మధ్యాహ్నానికి ఆరు పిల్లలు బయటికొచ్చాయి. తమ్ముడు భార్యకు ఫోన్ చేసి, "వచ్చి చూడు" అని మాత్రం అన్నాడు. గుండ్రాలూ లేవు, బాణాలూ లేవు. రేపు పొద్దున బస్సుకి వస్తానందట.

మర్నాడు ఉదయం కోడి పెట్టె దిగింది. ఆరు పిల్లలనూ వెంటేసుకుని, కొక్కొక్ అంటూ పెరటి గోడ దాకా పోయి, ఆకులు చెల్లాచెదురుగా కెలకడం మొదలుపెట్టింది. తమ్ముడు వెళ్లి పెట్టెలోకి చూశాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు.

"అక్కా, అది వెళ్లిపోయింది. ఇంకా ఎనిమిది గుడ్లున్నాయి."

"ఉంటాయి. ఒకటి మన ఏడింట్లో మురిగింది. మిగతావి వెనక పెట్టినవి."

"అది మళ్లీ ఎక్కదా?"

"ఎందుకెక్కుతుంది? దానికి కావలసినవి దానికి వచ్చేశాయి. ఇప్పుడు నడిచేవే దాని పిల్లలు. పెట్టెలో ఉన్నవి రాళ్లతో సమానం."

వాడు ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని ఆమె చెవికి ఆనించాడు. లోపల ఎవరో గోటితో తలుపు కొట్టినట్టు చప్పుడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"పని నీదన్నావు."

ఆమె ఎదురుచూసింది. ఇప్పుడు ఉపన్యాసం వస్తుంది. అక్కల అధికారం గురించో, చిన్నప్పటి గాయాల గురించో. లేదా మరీ నయంగా, ఇందులో తన తప్పేమీ లేదనైనా అంటాడు. కోర్టులో బోనెక్కిన ప్రతివాడూ అదే మాటతో మొదలుపెట్టేవాడు. ఆ మాట వినడానికి ఆమెకు దాదాపు ఆకలిగా ఉంది.

వాడు పెరటి గోడ దగ్గరికి పరుగెత్తి కోడిని పట్టుకుని తెచ్చి పెట్టెలో కూర్చోబెట్టబోయాడు. అది చేతిని రక్తం వచ్చేలా పొడిచి, గింజుకుని, పిల్లల దగ్గరికి ఎగిరిపోయింది. వాడు చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. లోపలికి వచ్చి అట్టపెట్టె వెతికాడు, టేబుల్ ల్యాంపు ప్లగ్గు పీకాడు, మంచం మీద తువ్వాలు లాగాడు.

"ఎంత వేడి ఉండాలో తెలుసా నీకు?" అంది ఆమె, గుమ్మానికి ఆనుకుని.

"కోడి పొట్ట కింద ఎంత ఉంటుందో అంత. రోజూ చెయ్యి పెట్టి చూశాను."

అది నిజమే. అందువల్లే ఆమెకు చిరాకు వేసింది.

మరదలు వచ్చేసరికి ఎండ ముదిరింది. భుజాన సంచితో నేరుగా పెరట్లోకి వచ్చి, పిల్లలను చూసి, నవ్వు ఆపుకుంది.

"ఆరా? బాగానే ఉన్నాయే. మీ తమ్ముడే చూసుకున్నాడా వదినా?"

"వాడే."

"మరి చెప్పండి. పూర్తి చేశాడా?"

అక్క తీర్పు సిద్ధంగా ఉంది. అది వారాలుగా సిద్ధంగానే ఉంది. చేశాడంటే వాడు ఈ పూటే వెళ్లిపోతాడు, ఇల్లు ఖాళీ అవుతుంది, ఎనిమిది గుడ్లు పెంటకుప్ప మీదికి పోతాయి. చెయ్యలేదంటే ఆమె నలభై ఏళ్లుగా అనుకుంటున్నదే నిజమవుతుంది. ఏది చెప్పినా ఆమెకు లాభమే. నోరు తెరిచింది.

"పూర్తి కాలేదు" అన్నాడు తమ్ముడు షెడ్డులోంచి.

మరదలు అటు తిరిగింది. వాడు బకెట్ మీద కూర్చుని, అట్టపెట్టెలోకి వంగి ఉన్నాడు. ల్యాంపు వెలుగులో ముఖమంతా చెమట.

"ఇంకా ఎనిమిదున్నాయి. కొత్త గుడ్లు తీసెయ్యాలని నాకు తట్టలేదు. రెండిట్లో చప్పుడు వినిపిస్తోంది. మిగతావి ఎప్పటికో తెలీదు. కొన్ని ఎప్పటికీ కాకపోవచ్చు."

"మరి నేనొచ్చింది నిన్ను తీసుకెళ్లడానికి."

"ఇప్పుడు రాలేను."

"ఈ బల్బు ముందు ఎన్నాళ్లు కూర్చుంటావ్?"

"అయ్యేదాకా."

"అబ్బో!" అంది మరదలు. కానీ ఆ అబ్బోలో వెటకారం ముప్పాతిక వంతే ఉంది. ఆమె సంచి దించి గోడకు ఆనించింది. "జరుగు. అలా మీదకి వంగితే నీ చెమట పడుతుంది గుడ్ల మీద."

"కూర్చోడానికి ఇంకోటి లేదు."

"నువ్వు కింద కూర్చో. నిన్నిక్కడికి పంపింది నేను. బకెట్ నాది."

వాళ్లిద్దరూ పోట్లాడుకుంటూ పెట్టెను అటూ ఇటూ జరిపారు. ఒకరు వెలుగు ఎక్కువైందంటే ఒకరు తక్కువైందన్నారు. ఇది కూడా అహంకారమే అనుకుంది అక్క. ఓడిపోయినవాడు ఓటమినే పతకంలా తగిలించుకోవడం. సరిగ్గా అమరిన వాక్యం. ఇదివరకైతే ఇలాంటి వాక్యం దొరికితే ఆమెకు పూటంతా హాయిగా గడిచేది. ఇప్పుడు దాన్ని రెండుసార్లు అనుకుంది. రెండోసారికి అది ఎవరిదో పాత చొక్కాలా వదులుగా వేలాడింది. తన పెరట్లో, తన షెడ్డు ముందు, తనను ఎవరూ ఏమీ అడగడం లేదు. తీర్పు అక్కర్లేని చోట నిలబడటం ఆమెకు అలవాటు లేదు.

వంటింట్లోకి వెళ్లింది. ముగ్గురికి బియ్యం కొలిచి, అడ్డమైనవాళ్లకీ వండిపెట్టాల్సి వస్తోందని పైకే అనుకుంది. కిటికీలోంచి మళ్లీ చూసింది. తమ్ముడు గుడ్డును చేతిలోకి తీసుకుని గోటితో పెంకు గీకుతున్నాడు. లోపలి నుంచి చిన్న చిల్లు పడింది కాబోలు. సాయం చేద్దామని చూస్తున్నాడు. ఇంకో నిమిషంలో పెంకు ఒలుస్తాడు, రక్తం వస్తుంది, పిల్ల చస్తుంది.

మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఒరే వెధవా!" అంటూ ఆమె చేతిలో బియ్యం గిన్నెతోనే బయటికి పరుగెత్తింది. "ముట్టుకోకు దాన్ని! ఒలవకూడదు. కింద పెట్టు."

వాడు ఉలిక్కిపడి పెట్టాడు.

"చిల్లు పైకి ఉండేలా తిప్పు. లోపల గిన్నెతో నీళ్లు పెట్టారా? పెట్టలేదు. ఈ ల్యాంపు వేడికి పొర ఎండిపోయి పిల్ల పెంకుకి అతుక్కుపోతుంది. ఇద్దరికీ కలిపి పావు బుర్ర లేదు. బల్బు ఎత్తు. ఇంకా. కోడి పొట్ట అన్నావుగా, పెనం కాదు. మూత సగం వెయ్యండి, గాలాడాలి."

మరదలు ఆమె చేతిలోని గిన్నె అందుకుని, బియ్యం తన కొంగులోకి వంచుకుని, నీళ్లు పట్టడానికి వెళ్లింది.

"ఇవన్నీ ముందే చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో నిష్ఠూరం ఉంది. కారణాలు లేవు.

"ఇప్పుడు చెబుతున్నాగా" అంది ఆమె. "జరుగు. అలా కాదు పట్టుకోవడం."