బాణం గుర్తు

"టవల్!" బాత్‌రూమ్‌లోంచి కేక. పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. ఆమె మంట తగ్గించి, పరుగెత్తి, తలుపు సందులోంచి చాచిన చేతిలో తువ్వాలు పెట్టింది. పెళ్లయిన నాటినుంచీ ఆ చెయ్యి అలాగే బయటికొస్తోంది. తువ్వాలు ఎక్కణ్నుంచి వస్తుందో దానికి తెలియదు. తెలుసుకోవాల్సిన ఖర్మ దానికేం పట్టింది!

ఆమె పనిచేసే ఆఫీసులో ఫిర్యాదుల పనంతా కంప్యూటరుకి అప్పగిస్తున్నారు. ఆ పని నడిచే దారిని ఇంజనీరు బొమ్మ గీసి గోడ మీద చూపించాడు. మనిషికో అడ్డ పట్టీ. పట్టీలో డబ్బా ఉంటే పని. డైమండు ఆకారం ఉంటే నిర్ణయం, అవునో కాదో తేల్చే చోటు. ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణాలు. గుమాస్తాల పట్టీ నిండా డబ్బాలే, డైమండ్లన్నీ మేనేజరుగారివే. సగం సగం రాసిన ఫిర్యాదులు పట్టుకుని, జనానికి ఫోన్లు చేసి, తిట్లు తిని, సరిచేసి పైకి పంపే ఆమె పని మాత్రం ఎక్కడా లేదు.

"ఇందులో నేను చేసేది ఏదండీ?"

"అదా మేడమ్?" అన్నాడు ఇంజనీరు. "ఆ బాణమే. దానంతటదే వెళ్లిపోతుంది."

గదంతా నవ్వింది. ఆమెకి అత్తగారు గుర్తొచ్చారు. చుట్టాలొస్తే ఆవిడ చెప్పే మాట: "మా ఇంట్లో పనులన్నీ వాటంతటవే అయిపోతాయమ్మా, కోడలికి కష్టమేం లేదు."

మేనేజరు మాత్రం నవ్వలేదు. "ఈ బొమ్మలు గీయడం నేర్చుకోడానికి ఒకరు రెండు వారాలు హెడ్డాఫీసుకి వెళ్లాలి. అడిగింది మీరేగా, మీరే వెళ్లండి. రేపు పొద్దున్నకల్లా చెప్పండి."

సాయంత్రం భర్తతో చెప్పింది.

"రెండు వారాలా? అమ్మకి మందులెవరిస్తారు? ఉండు, ఆలోచించి చెప్తాలే."

"వెళ్లేది నేనండీ."

"అందుకేగా ఆలోచిస్తానంటున్నా!"

కూరలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టింది. కాగితం లాక్కుని ఇంటి బొమ్మ గీసింది. పిల్ల ఏ బడికి పోవాలి, తన ఉద్యోగం ఉండాలా మానాలా... డైమండ్లన్నీ ఆయన పట్టీలో పడ్డాయి. డబ్బాలు ఆమె పట్టీలో ఇరుక్కున్నాయి. బాణాలు గీసేసరికి కాగితమే నల్లబడింది. దానంతటదే వెళ్లే బాణం ఈ భూమ్మీద లేదు. ప్రతి బాణం కిందా ఒక ఆడది పరుగెడుతూ ఉంటుంది. హెడ్డాఫీసు డైమండుని ఆయన పట్టీలో కొట్టేసి తన పట్టీలో గీసుకుంది. పెన్ను కాగితాన్ని చించింది.

మర్నాడు పొద్దున్న.

"టవల్!"

కాళ్లు అలవాటు కొద్దీ లేచాయి. ఆపింది. ఫోన్ తీసి మేనేజరుకి చెప్పింది: "వెళ్తున్నానండీ."

"టవలేదీ? చెవుడొచ్చిందా?" తలుపు సందులో చెయ్యి నీళ్లోడుతూ గాల్లో వెతుక్కుంటోంది.

"ఉండండి," అందామె, కుర్చీలోంచి కదలకుండా. "దానంతటదే వస్తుంది."