మూడో చరణం

పాట అంటే పాటే కదా, ఎవరు పాడితే ఏమిటి అనే మనిషితో కాపురం చేయడం కష్టం. మా ఆయన ఎల్లస్వామి ఆ రకం. ఒకరోజు నల్లగొండ బజారులో క్యాసెట్ కొనుక్కొచ్చి నా ఒళ్లో పడేశాడు.

"ఇగో, నీ పాట. పెండ్లైన కాన్నుంచి ఒకటే పోరు."

విన్నాను. పాడింది వేరే ఎవరో. చరణాలు రెండే.

"మూడోది లేదు" అన్నాను.

"రెండు సాల్తలేవా నీకు?" అన్నాడు. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువ వేశాను, కావాలనే.

ఆ పాట 1982లో వచ్చిన సినిమాలోది. కాలేజీ పిల్లల ప్రేమ, చివరికి విడిపోవడం. నేనప్పుడు రామన్నపేటలో ఇంటర్ చదువుతున్నాను. నా దోస్తు తాహేరా వాళ్ల నాన్న బాబా మియాకు మైక్ సెట్టు ఉండేది. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా ఆయన రికార్డులే మోగేవి. మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్లగానే మేమిద్దరం ఆ సినిమా రికార్డు పెట్టుకునేవాళ్లం. విడిపోయేటప్పటి పాటకు మూడో చరణం రికార్డులోనే ఉంది, సినిమాలో కోసేశారు. అది మొదలవగానే తాహేరా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఇద్దరం ఏడ్చేవాళ్లం. ఏ అబ్బాయి కోసమని అడిగితే చెప్పలేను, మాకు ఏ అబ్బాయీ లేడు. ఏడిస్తే బాగుండేది, అంతే.

పదమూడేళ్లు గడిచేసరికి ఆ చరణంలో ఒక్క మాట గుర్తు లేదు. రాగం మాత్రం బడిలో హాజరు తీసుకుంటుంటే, ఇంట్లో గిన్నెలు తోముతుంటే వచ్చి నిలబడేది. పిచ్చెక్కేది నాకు. హైదరాబాదు పోయినప్పుడల్లా జుమ్మెరాత్ బజారులో పాత రికార్డుల కుప్పలు తిరగేసి, చేతులు నల్లగా చేసుకుని ఉత్తగా తిరిగొచ్చేదాన్ని. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, బాబా మియాను అడగాలని చాలా ఆలస్యంగా తట్టింది.

రామన్నపేట వెళ్లాను. ముసలాయన మైక్ సెట్టు బంద్ చేసి అయిదేళ్లయిందట. గుర్తుపట్టాడు.

"మంజులతవు గదా. కూసో బిడ్డా, చాయ్ తాగు."

"చాయ్ తర్వాత, చాచా. ఆ రికార్డు ఉన్నదా?"

ఉంది. మంచం కింద రేకుపెట్టెలో, అట్ట చివర్లు ఎలుకలు కొరికేసి. ప్లేయరు కూడా ఉంది. ఆయన కండువాతో రికార్డు తుడిచి, ముల్లు వాల్చాడు. మొదటి పాట రాగానే నాకు పదహారేళ్లొచ్చేశాయి. సిగ్గు లేకుండా కాళ్లు ఊపుకుంటూ విన్నాను. నాలుగు పాటలయ్యాక నా పాట మొదలైంది. ఒక్క మాట అయ్యిందో లేదో, ముల్లు కర్రుమని అరిచి రికార్డు నడిమిట్లోకి జారిపోయింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. తీసి వెలుతురులో చూస్తే, సరిగ్గా ఆ పాట మీద మేకుతో గీసిన అడ్డగీతలు ఉన్నాయి.

"ఎవరు చేసిన్రు చాచా ఇది?"

"నేనే చేసిన. ఏడుపు పాటలన్నిటి మీద గీసిన."

ఆయన తప్పేమీ చేయనట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"కేతేపల్లి దిక్కు ఒక పెండ్లిల, తలంబ్రాలప్పుడు నా పనోడు తెల్వక ఈ పాట ఏసిండు. ఎడబాసే పాట ఏస్తవా అని పిల్లగాని తరపోల్లు మైకు గొట్టం గుంజి కింద పడేసిన్రు. మల్ల గట్ల కావద్దని మేకు పట్టిన. నేను పెండ్లిల్లకు కొన్న రికార్డు బిడ్డా, ఇంట్ల ఇనేటందుకు కాదు."

ఆయన చెప్పింది న్యాయమే. అందుకే మరీ కోపమొచ్చింది. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

"తాహేరను అడుగు" అన్నాడు. "దానికి పాటంత నోటికొస్తది. పాలమూరుల ఉన్నది."

ఆదివారం తెల్లారగానే బస్సెక్కాను. పాలమూరులో ఇల్లు పట్టుకునేసరికి పన్నెండు దాటింది. తాహేరా తలుపు తీసి, ఒక్క క్షణం చూసి, కుట్టుమిషను మీది బట్టంతా కింద పడేసుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. అన్నం పెట్టింది. పిల్లలను చూపించింది. వాళ్లాయన ఉద్యోగం, అత్త నడుము నొప్పి, కిరాయి ఇల్లు, అన్నీ చెప్పింది. నేను ఊఁ కొడుతూ, ఎప్పుడాపుతుందా అని చూస్తున్నాను. ఆపలేదు. ఆఖరికి మధ్యలోనే అడిగేశాను.

"తాహేరా, ఆ పాట మూడో చరణం నీకు వస్తదంట గదా. జర పాడవే."

ఆమె తన పళ్లెం పక్కకు జరిపింది.

"గీ పాట కోసమా వచ్చింది?"

కాదని అందామనుకున్నాను.

"నా పెండ్లికి రాలేదు. పెద్దోడు పుట్టిండని కార్డు రాస్తె జవాబు లేదు. మా అమ్మ పోయిందని రాసిన, దానికీ లేదు. రికార్డు కోసం పట్నం దాంక తిరిగినవంట, నాయిన చెప్పి పంపిండు. నేను గీడనే ఉన్న గద మంజులా."

ఆ రెండు కార్డులూ నాకు అందాయి. రేపు రాద్దాం, సెలవుల్లో రాద్దాం అనుకుంటూ బీరువాలో పెట్టాను. ఆ మాట ఆమెకు చెప్పాను. తల దించుకుని, మెతుకులు కెలుకుతూ చెప్పాను.

"పాట వస్తది" అంది తాహేరా. "గాని పాడ."

తిరుగు బస్సులో అంత కోపం ఎన్నడూ రాలేదు నాకు. ముసలాయన మీద, ఆయన మేకు మీద, తాహేరా మీద, దారి పొడవునా తిట్టుకున్నాను. మాల్ ఊరు దాటాక తిట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

తర్వాతి నెల మళ్లీ వెళ్లాను. ఆ పై నెలా వెళ్లాను. పాట అడగలేదు. ఆమె పాడలేదు.