మైల గుడిసె

సైన్యంవాళ్ల రవాణా విమానం ఈశాన్య సరిహద్దులోని సియాంగ్ కొండల్లో కూలిపోయాక, అడవిలో దారి చేసుకుంటూ పైకెళ్లి శవాలను దించింది ఓలిక్, అతని ఊరివాళ్లే. పుణ్యానికి పోతే మైల చుట్టుకుంది. అకాలంగా చచ్చినవాళ్లను ముట్టుకున్నారు కాబట్టి, ఊరి కట్టుబాటు ప్రకారం ఇప్పుడు వాళ్లకి పొలిమేరలో తలో గుడిసె. ఎవరూ ముట్టుకోరు. భార్య యాలెం అన్నం ఆకులో చుట్టి తెచ్చి, దూరంగా రాతిమీద పెట్టి, "నువ్వు లేకపోతే ఇల్లెంత ప్రశాంతంగా ఉందో" అని వెక్కిరించి పోయేది. ఆ వెక్కిరింపుకే ఓలిక్‌కి ప్రాణం లేచొచ్చేది.

ఆ సాయంత్రం వచ్చింది యాలెం కాదు. తలపాగా చుట్టుకున్న ముసలాయన, కర్ర ఊతంతో రొప్పుకుంటూ వచ్చాడు. పేరు హర్‌ఫూల్, ఊరు హర్యానాలో ఎక్కడో. విమానంలో పోయిన జగ్బీర్‌కి తండ్రి. కొడుకుని పెట్టెలో పెట్టి సీలు వేసి ఇచ్చారు, తెరవద్దన్నారు.

"మావాణ్ణి మోసుకొచ్చింది నువ్వేనటగా బాబూ. నీ చేతులొక్కసారి పట్టుకోనీ."

ఓలిక్ చేతులు వెనక్కి దాచుకున్నాడు. "దగ్గరికి రాకు పెద్దాయనా. ఆ చావు ఇంకా నన్ను వదల్లేదు. నీకంటుకుంటుంది."

"అంటుకోనీలే. అది నా ఇంటి చావే కదా."

ముసలాయన వచ్చి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. విడిపించుకోవాలి, కట్టుబాటు అదే. ఓలిక్ వల్ల కాలేదు. కొండ దిగాక ఒక మనిషి తనను తాకడం అదే మొదలు.

"బరువుగా ఉన్నాడా? దిట్టమైన మనిషి మావాడు. సెలవుకొస్తే వాళ్లమ్మ రొట్టెలు నలిపి చుర్మా చేసి ఇంతింత నెయ్యి పోసేది. పెళ్లిలో వీడు ఎక్కితే గుర్రం మొరాయించింది."

మంటల్లో జగ్బీర్‌ది మిగిలిందంతా ఒక్క సంచిలో పట్టింది. మెడబిళ్ల చూసి సిపాయిలు పేరు చెప్పారు కాబట్టి మనిషని తెలిసింది. ఆ సంచిని ఓలిక్ ఒంటిచేత్తో దించుకొచ్చాడు. ఇంట్లో తన చంటిపిల్ల అంతకన్నా బరువుంటుంది.

"బరువంటే బరువా? నడుం విరిగిందనుకో," అన్నాడు. "దారిపొడవునా దించుకుంటూ, ఎత్తుకుంటూ, తిట్టుకుంటూ తెచ్చాను. ఏమనుకోకు."

హర్‌ఫూల్ ముఖం విప్పారింది. "వాడంతేలే," అన్నాడు గర్వంగా. "చిన్నప్పుడు జాతరలో నడవనని మొండికేస్తే, నేనూ తిట్టుకుంటూనే మోసేవాణ్ణి."

ఆ మాట అంటూనే ముసలాయన నేలమీద కూలబడ్డాడు. పట్టుకున్న ఓలిక్ చేతుల్ని మాత్రం వదల్లేదు.