సుద్ద పూసిన కర్ర

కర్ర బురదలో మూర లోతుకు దిగేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది, అయినా ఆగకుండా సుద్దముక్క తీసి కర్రను అడుగు నుంచి కొస దాకా తెల్లగా రుద్దాడు, మోకాలెత్తున ఎర్రదారం కట్టాడు. సముద్రపు పోటు వచ్చి వెళ్ళాక నీళ్ళు ఎంత ఎత్తు ఎక్కాయో సుద్దే చెబుతుంది. దారం కిందే ఆగితే అక్కడ మడ మొక్కలు బతుకుతాయి, దాటితే ఊపిరాడక చస్తాయి. ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఇంతే. అటవీ ఆఫీసులో అందరికీ ఆయన సుద్దతాత. పిక్కల మీద ఉప్పుచారలు, గోళ్ళలో ఎంత కడిగినా పోని నలుపు.

కూతురు అన్నం డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టింది. ఆమె ఇల్లు ఆ గట్టు వెనకే.

"నాన్నా, ఈసారైనా బాగుందని రాసెయ్. మడ లేస్తేనే అలలు ఆగుతాయి. పెరటిగోడ ఇప్పటికే సముద్రంలో పోయింది. ఇక మిగిలింది వంటిల్లే."

"కర్ర చెప్పాక రాస్తానమ్మా."

"కర్రకున్న విలువ కూతురికి లేదన్నమాట!"

"కర్ర ఇన్ని మాటలు అనదు కదే."

ఆమెకు కోపంలోనూ నవ్వొచ్చింది. తండ్రి చెంపకంటిన సుద్ద తుడిచి వెళ్ళిపోయింది.

పన్నెండేళ్ళ కిందట ఆయన చిన్న పోటు రోజున కొలిచి, పెద్ద పోటు వచ్చే పున్నమి దాకా ఆగకుండా, ఇదే తీరాన్ని 'అనువైనది' అని రాసేశాడు. ఆరు వేల మొక్కలు. కూతురు కూడా నడుం వంచి నాటింది. మూడు నెలల్లో అన్నీ కుళ్ళిపోయాయి. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, ఆమె కూడా.

నీళ్ళు పెరుగుతుండగా ఆఫీసరు ఫోన్ చేశాడు.

"ఏం తాతా, ఇంకా సంతకం పెట్టలేదా? నాలుగింటికి ఫైలు పైకి పోవాలి."

"పున్నమి పోటు ఇవాళే సార్. నీళ్ళు దిగాక చూసి పెడతా."

"అవి దిగేలోపు నా కుర్చీ ఎగిరిపోతుందయ్యా బాబూ!"

ఆయన కాగితం ఒళ్ళో పెట్టుకుని గట్టురాయికి ఆనుకున్నాడు. 'అనువైనది' అని ఆఫీసువాళ్ళు ముందే టైపు చేసి పంపారు, కింద సంతకం ఒక్కటే బాకీ. కూతురి వంటింటి పొగ గట్టు మీదుగా వస్తోంది. పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఎడమ భుజం బరువెక్కింది, పొద్దున కర్ర దిగ్గొట్టినందుకేమో అనుకున్నాడు. నీళ్ళు కర్ర చుట్టూ ఎక్కుతుంటే చూస్తూ, కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం కూతురు డబ్బా కోసం వచ్చింది. అన్నం అలాగే ఉంది.

"నాన్నా, తినకుండా నిద్రేంటి?"

చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

జనం వచ్చి ఆయన్ని ఎత్తుకుని వెళ్ళేటప్పుడు ఒళ్ళోంచి కాగితం జారింది. ఆమె తీసి చూసింది, సంతకం లేదు. అప్పుడు బురద వైపు తిరిగింది. నీళ్ళు దిగిపోయాయి. కర్ర మీద సుద్ద ఎర్రదారానికి జానెడు పైదాకా కొట్టుకుపోయింది, ఆపైన మిగిలిన తెలుపులో ఆయన అయిదు వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి.